ఎనిమిది సెంటీమీటర్ల నీడ

డిసెంబరు నెల. ఉదయం ఏడున్నర. పెద్ద అంబర్‌పేట దాటిన చిన్న కారొకటి విజయవాడ రోడ్డు మీద పోతోంది. ఎదురుగా సూర్యుడు. పక్కన కాదు, నెత్తిన కాదు... సరిగ్గా రోడ్డు పోతున్న దిక్కునే, అద్దం మధ్యలో.

స్టీరింగు ముందున్నావిడ సన్‌ వైజర్ని అప్పటికే కిందికి లాగింది. దిగాల్సినంతా దిగిందది. అయినా దాని అంచు కింద నుంచి ఎండ తిన్నగా కళ్లలో కొడుతోంది. ఆవిడ ఎడమచెయ్యి గేరు మీంచి తీసి నుదుటికి అడ్డం పెట్టుకుంది. అదే క్షణంలో ఆ తెల్లటి వెలుగులోంచి ఓ మోపెడ్ ఊడిపడింది. రెండు పక్కలా పాలక్యాన్లు, మధ్యలో మంకీక్యాప్ పెట్టుకున్న పెద్దాయన. డివైడర్ సందులోంచి రోడ్డు దాటుతున్నాడు.

బ్రేకు పడింది. కారు ఆగింది. ముందు బంపరుకీ, పాలక్యానుకీ మధ్య జానెడు దూరం. పెద్దాయన ఒకసారి చూసి, ఏమీ అనకుండా వెళ్లిపోయాడు. ఆవిడ చేతులు మాత్రం బడికి చేరేదాకా వణుకుతూనే ఉన్నాయి.

ఈ సంగతి ఆవిడ ఇంట్లో చెప్పలేదు.

చెప్పని మాట

చెబితే ఏమవుతుందో ఆవిడకి తెలుసు. ‘‘రేపట్నుంచి బస్సులో వెళ్లు’’ అంటాడాయన. అనడం కూడా కాదు, తాళంచెవి తీసి బీరువాలో పెట్టేస్తాడు. ఆ కారు నిజానికి ఆయనది. పాలిటెక్నిక్‌లో వర్క్‌షాపు ఇన్‌స్ట్రక్టరుగా పనిచేసిన రోజుల్లో వనస్థలిపురం నుంచి నల్గొండ వైపు రోజూ అందులోనే వెళ్లొచ్చేవాడు. 2021లో షుగరు ఆయన కంటి లోపలి పొరను దెబ్బతీసింది. కుడికంట్లో ఎటు చూస్తే అక్కడే మసక. ఎడమకన్ను నిలబెట్టడానికి నెలనెలా సూదులు. ‘‘ఇక డ్రైవింగ్ వద్దు’’ అన్నాడు డాక్టరు. ఆయన ఆ మాటకి తలూపాడు గానీ, కారు అమ్మడానికి మాత్రం ఒప్పుకోలేదు.

అప్పుడు ఆవిడ డ్రైవింగ్ స్కూల్లో చేరింది. యాభయ్యో ఏట. నాలుగడుగుల పదకొండంగుళాల మనిషి. సీటు పూర్తిగా ముందుకి జరుపుకుని, కింద రెండంగుళాల దిండు వేసుకుంటే గానీ బానెట్ కనబడదు. అయినా నేర్చుకుంది. చౌటుప్పల్ దగ్గర ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో ఫిజికల్ సైన్స్ టీచరు. చలికాలం వస్తే పదో తరగతికి ఎనిమిదిన్నరకే ప్రత్యేక తరగతులు. ఏడుంపావుకి బయల్దేరి, హయత్‌నగర్‌లో తోటి టీచరుని ఎక్కించుకుని, పాటలు వింటూ వెళ్లే ఆ గంటా పావూ తన జీవితంలో తనకంటూ మిగిలిన సమయమని ఆవిడ ఎవరితోనూ అనలేదు. కానీ అదే నిజం. దాన్ని పోగొట్టుకోవడం ఇష్టం లేకే పాలాయన సంగతి దాచిపెట్టింది.

తోటి టీచరు దాచలేదు. ఆదివారం ఫోనులో మాటల సందర్భంలో అనేసింది. ‘‘మొన్న దేవుడు దయతలిచాడు అన్నయ్యా...’’ అని.

ఆయన ఫోను పెట్టేశాడు. చాలాసేపు వరండాలో కూర్చున్నాడు. భార్యని ఏమీ అడగలేదు. తరవాత పనిముట్ల పెట్టె తెరిచి కొలతటేపు తీశాడు.

‘‘ఓసారి కార్లో కూర్చుంటావా?’’ అన్నాడు.

ఆవిడకి అర్థమైంది. ఆయనకి తెలిసిపోయిందని. ఆయన అడగలేదు కాబట్టి ఆవిడా చెప్పలేదు. చున్నీ సర్దుకుని వెళ్లి డ్రైవరు సీట్లో కూర్చుంది.

ఆయనకి తెలియని ఎండ

ఆవిడ రోజూ కూర్చున్నట్టే కూర్చుంది. ఆయన కొలిచాడు. కంటి నుంచి వైజరు అంచుకి 40 సెంటీమీటర్లు. కంటి మట్టం కంటే ఆ అంచు 11 సెంటీమీటర్ల ఎత్తున ఉంది. తరవాత తను ఆ సీట్లో కూర్చుని ఆవిడ చేత కొలిపించాడు. అయిదడుగుల తొమ్మిదంగుళాల మనిషికి ఆ అంచు కంటి మట్టం కంటే 3 సెంటీమీటర్లే ఎత్తు.

తేడా 8 సెంటీమీటర్లు. నాలుగేళ్లు పొద్దున్నే ఏడింటికి అదే రోడ్డు మీద వెళ్లాడాయన. ‘‘ఎండ కళ్లలో పడుతోందండీ’’ అని ఆవిడ ఎన్నోసార్లు అంటే, ‘‘వైజరు దించుకో, నాకెప్పుడూ పడలేదే!’’ అని నవ్వేవాడు. ఆ నవ్వు ఇప్పుడు గుర్తొచ్చింది.

ఆ రోడ్డు సంగతి కూడా చెప్పుకోవాలి. పాత తొమ్మిదో నంబరు, ఇప్పటి 65వ నంబరు జాతీయ రహదారి హైదరాబాదు నుంచి విజయవాడకి నేరుగా తూర్పుకి పోదు. కాస్త దక్షిణానికి ఒరిగి ఆగ్నేయం వైపు సాగుతుంది. చలికాలంలో మన ప్రాంతంలో సూర్యుడు ఉదయించేదీ ఆ మూలనే. రెండు ఊళ్ల మధ్య గీత గీస్తే, డిసెంబరు చివర్లో సూర్యుడు ఉదయించే దిక్కుకి అది దాదాపుగా సరిపోతుంది. సంక్రాంతికి తెల్లవారుజామున ఊళ్లకి బయల్దేరే వేలాది కార్లు సూర్యుడి పండక్కి సూర్యుడికి ఎదురుగానే వెళ్తాయన్నమాట. ఎండాకాలం సాయంత్రాలు అదే దారిలో హైదరాబాదుకి తిరిగొస్తే మళ్లీ ఎదురుగా ఆయనే. జూన్‌లో సూర్యుడు అస్తమించేది సరిగ్గా దీనికి ఎదుటి మూలన.

ఇక లెక్క టీచరమ్మ వంతు. సూర్యుణ్ని నేరుగా చూడకూడదు, నీడని చూడాలి అని పిల్లలకి చెప్పే పాఠమే డాబా మీద తనూ చేసింది. అడుగు పొడవున్న కర్రని నిటారుగా నిలబెట్టి నీడ కొలిచింది. ఏడున్నరకి నీడ అయిదడుగుల పైచిలుకు. అంటే సూర్యుడు నేల అంచు నుంచి సుమారు 11 డిగ్రీల ఎత్తులో ఉన్నాడు. ఎనిమిదింటికి నీడ మూడడుగుల చిల్లర. సుమారు 17 డిగ్రీలు. ఆ లెక్కన చలికాలం పొద్దున సూర్యుడు గంటకి దాదాపు 12-13 డిగ్రీలు పైకి ఎక్కుతాడు.

40 సెంటీమీటర్ల దూరంలో ఒక సెంటీమీటరంటే కంటికి దాదాపు ఒకటిన్నర డిగ్రీ. సూర్యుడికి అది ఆరేడు నిమిషాల ప్రయాణం. ఎనిమిది సెంటీమీటర్లకి యాభై నిమిషాలు! ఆయనకి ఏడింటికే వైజరు చాటుకి వెళ్లిపోయే సూర్యుడు, ఆవిడకి ఏడూ యాభై దాకా కళ్లలోనే ఉంటాడు. ఒకటే కారు, ఒకటే సీటు, ఒకటే రోడ్డు. ఆయన నీడలో నడిపిన దారిలో ఆవిడ ఎండలో నడుపుతోంది.

కాగితం మీద ఆ అంకెలు చూసి ఆయన కాసేపు మాట్లాడలేదు.

శుభలేఖ నుంచి గొడుగు దాకా

మొదటి నమూనా పెళ్లి శుభలేఖ. మంచి దళసరి అట్ట. రెండు రబ్బరుబ్యాండ్లతో వైజరుకి తగిలించారు. నీడ వచ్చింది. దాంతోపాటు కొత్త చిక్కూ వచ్చింది. అట్ట లోపలివైపు తెల్లగా, నున్నగా ఉండటంతో దాని ప్రతిబింబం అద్దంలో తేలుతోంది. వినాయకుడి బొమ్మ కూడా రోడ్డు మీద కనబడుతోందని ఆవిడ నవ్వింది. కంటివైపు ఉండేది నల్లగా, మెరుపు లేకుండా ఉండాలన్నది మొదటి పాఠం.

బెంగళూరులో ఉన్న కొడుకు ఆన్‌లైన్లో పసుపురంగు ప్లాస్టిక్ పలక ఒకటి పంపించాడు. క్లిప్పుతో తగిలించేది. మబ్బు వేళ బాగానే ఉంది. సూర్యుడు ఎదురుగా ఉంటే మాత్రం సూర్యుడు పసుపుపచ్చగా మారాడే తప్ప తగ్గలేదు. పైగా గతుకు వచ్చినప్పుడల్లా అది వణుకుతుంటే రోడ్డు కూడా వణికినట్టుండేది.

‘‘అద్దానికి నల్ల ఫిల్ము వేయించేస్తే పోలా?’’ అన్నాడు కొడుకు. అది కుదరదు. మోటారు వాహనాల నిబంధనల ప్రకారం ముందు, వెనక అద్దాల్లోంచి కనీసం 70 శాతం, పక్క అద్దాల్లోంచి 50 శాతం వెలుతురు రావాలి. నల్ల ఫిల్ములు అంటించడాన్ని సుప్రీంకోర్టు 2012లో నిషేధించింది. అదలా ఉంచినా, పొద్దున అరగంట ఎండ కోసం రాత్రంతా చీకటి కొనుక్కోవడం ఏం తెలివి?

కొడుకే ఇంకో కబురు కూడా చెప్పాడు. 2020లో అమెరికాలోని లాస్‌వేగాస్‌లో జరిగిన ఎలక్ట్రానిక్స్ ప్రదర్శనలో బాష్ సంస్థ ఓ చిత్రమైన వైజరు చూపించిందట. అదంతా పారదర్శకమైన ఎల్‌సీడీ పలక. ఓ కెమెరా డ్రైవరు ముఖాన్ని చూస్తూ ఉంటుంది. ఎండ కళ్లమీద పడే చోట మాత్రమే పలక నల్లబడుతుంది. మిగతాదంతా గాజులా ఖాళీ. ‘‘అడ్డం పెట్టాల్సిన చోటే అడ్డం పెట్టడమన్నమాట’’ అన్నాడాయన మెచ్చుకోలుగా. ‘‘మన దగ్గర కెమెరా లేదు. మీ అమ్మ ఉంది. ఎంత కావాలో తనే చెబుతుంది.’’

రెండో నమూనాకి నల్లటి యాక్రిలిక్ ముక్క తెచ్చాడు. అంచులు ఆకురాయితో నున్నగా రుద్దాడు, మూలలు గుండ్రంగా తిప్పాడు. వర్క్‌షాపులో ముప్ఫయ్యేళ్ల చెయ్యి. చూడ్డానికి కంపెనీ నుంచి వచ్చినట్టే ఉంది. ఆవిడ దాన్ని వేలితో తట్టి చూసింది.

‘‘సడన్ బ్రేకేస్తే ఇది ఎక్కడ తగులుతుందండీ?’’

ఆయన చూశాడు. సరిగ్గా ఆవిడ కనుబొమల దగ్గర. గట్టి పలక, కింద స్టీరింగులో ఎయిర్‌బ్యాగు. అది విచ్చుకుంటే దారిలో ఉన్నదాన్ని దేన్నైనా ముఖం మీదికి విసురుతుంది. ఆయన ఆ యాక్రిలిక్ ముక్కని మారుమాట లేకుండా పక్కన పెట్టేశాడు. బరువు ఉండకూడదు, పదును ఉండకూడదు, చెయ్యి తగిలితే ఊడిరావాలి. ఇది రెండో పాఠం.

అప్పుడు దొరికింది గొడుగు. ఆయన ఉద్యోగంలో చేరిన కొత్తలో కొన్న నల్లగొడుగు. ఊచలు తుప్పు పట్టినా గుడ్డ మాత్రం గట్టిగా ఉంది. రంగు కాస్త వెలిసి మెరుపు పోయింది. కావాల్సిందీ అదే. పిల్లల క్రాఫ్టు సామాను అమ్మే షాపులో రెండు మెత్తటి ఫోమ్ షీట్లు కొన్నాడు. గొడుగులోని రెండు ఆకులు విప్పి, ఆవిడ పాత కుట్టుమిషను మీద కుట్టింది. దిండుకి గలీబు తొడిగినట్టు వైజరుకి తొడుగు. దాని వెనక సొరుగులా కిందికి జారే ఫోమ్ పలక. ఎంత దించితే అంతలో నిలబడటానికి వెల్క్రో పట్టీలు. ఎయిర్‌బ్యాగు హెచ్చరిక ఉన్న చోట తొడుగుకి కిటికీలా ఖాళీ వదిలారు. లోపలి అద్దానికీ వైజరుకీ మధ్య సందులోంచి కూడా ఎండ పడుతోందంటే ఎడమవైపు చిన్న చెవిలాంటి ముక్క కలిపారు.

‘‘మీ తల కనబడట్లేదు’’

పలక ఎంత దిగాలన్నదే చివరి ప్రశ్న. ఆయన 11 సెంటీమీటర్లు అన్నాడు. అంటే సరిగ్గా కంటి మట్టం దాకా. అప్పుడు సూర్యోదయం నుంచీ నీడే. ఒక్క కిరణం కూడా పడదు. ఆ పాలాయన సంగతి విన్న దగ్గర్నుంచి ఆయన మనసులో ఉన్నది అదే. ఒక్క కిరణం కూడా పడకూడదు.

ఆదివారం పొద్దున కాలనీ పార్కు పక్కన కారు ఆపారు. ఆవిడ సీట్లో. పలక పూర్తిగా దించి ఉంది. ఆయన కారు ముందుకి పది మీటర్లు నడిచి, తిరిగి నిలబడ్డాడు.

‘‘కనబడుతున్నానా?’’

‘‘కాళ్లు కనబడుతున్నాయి. పంచె కనబడుతోంది. చొక్కా కూడా... మీ తల కనబడట్లేదు.’’

ఆయన అక్కడే నిలబడిపోయాడు. ఎండ పడకుండా చేశాడు సరే. రోడ్డు మీది మనిషి తల కూడా తీసేశాడు. పాలాయన గడ్డం దాకా ఉంటాడు, మంకీక్యాప్ ఉండదు. కారు లోపలి మనిషికి సుఖం, బయటి మనిషికి ప్రమాదం.

తిరిగొచ్చి పలకని కొంచెం కొంచెంగా పైకి జరుపుతూ, మళ్లీ మళ్లీ వెళ్లి నిలబడ్డాడు. పదికి నుదురు లేదు. తొమ్మిదికి జుట్టు అంచున తగులుతోంది. ఎనిమిదికి తల మొత్తం, తలమీద కాస్త ఆకాశం. అక్కడ ఆగారు. లెక్క చూస్తే, వాళ్లిద్దరి కంటి మట్టాల మధ్య ఉన్న తేడా కూడా అదే ఎనిమిది. పొడుగు మనిషి కోసం పెట్టిన నీడని పొట్టి మనిషికి సరిచేసినంతే. అంతకు మించి ఒక్క గీత కూడా దించకూడదు.

మరి సూర్యోదయం తరవాత మొదటి ఇరవై నిమిషాల మాట? అప్పుడు సూర్యుడు నేలకి నాలుగు డిగ్రీల లోపే ఉంటాడు. ఎండా, రోడ్డూ ఒకేచోట. దానికి అట్ట లేదు, గుడ్డ లేదు. ‘‘ఆ టైములో బండి పక్కకి తీసి టీ తాగడమే’’ అన్నాడాయన. పండక్కి ఊరెళ్లేప్పుడు ఇప్పుడు వాళ్లు అదే చేస్తున్నారు.

ఇంకో రెండు సంగతులు ఈ వెతుకులాటలోనే తేలాయి. ముందు అద్దం లోపలివైపు కంటికి కనబడని జిడ్డుపొర పేరుకుంటుంది. ఎదురెండలో అదే తెల్లటి తెరలా వెలుగుతుంది. బయటివైపు రోజూ తుడిచేవాళ్లు కూడా లోపలివైపు తుడవరు. తడిగుడ్డతో ఓసారి, పాత న్యూస్‌పేపరుతో ఓసారి రుద్దితే సగం మిరుమిట్లు తగ్గాయి. రెండోది డ్యాష్‌బోర్డు. కారు కడిగేచోట నిగనిగలాడేలా పూసే పాలిష్, దానిమీద పరిచే తెల్లటి టవలు... రెండూ వెలుగుని అద్దంలోకి తిప్పికొడతాయి. టవలు తీసేశారు. పాలిష్ వద్దన్నారు. ఖర్చు లేని వైద్యం.

పక్కసీటు

ఆయనకి ఈ పనిమీద అంత పట్టుదల ఎందుకంటే, వెలుగు పెట్టే బాధ ఆయనకి తెలుసు. కంటి ఆసుపత్రిలో చుక్కలు వేసి కంటిపాపని పెద్దది చేశాక బయటికొస్తే, మిట్టమధ్యాహ్నం ఊరంతా సున్నం కొట్టినట్టుంటుంది. మనుషులు నీడల్లా కదులుతారు. మెట్టు ఎక్కడుందో తెలియదు. అప్పుడు ఆవిడే చెయ్యి పట్టుకుని కారుదాకా తీసుకెళ్తుంది. ఆ తెల్లదనంలో గంటకి అరవై కిలోమీటర్ల వేగంతో కారు నడపడం ఎలా ఉంటుందో ఊహించడానికి ఆయనకి పెద్ద కష్టం కాలేదు.

కష్టమైంది వేరేది. పక్కసీట్లో కూర్చోవడం. ‘‘లారీ, లారీ...’’, ‘‘గేరు మార్చు’’, ‘‘కాస్త ఎడమకి’’ అంటూ దారి పొడవునా చెబుతుండేవాడు. లేని బ్రేకుని కుడికాలితో తొక్కేవాడు. ఆవిడ ఏమీ అనేది కాదు గానీ, ఆయన ఉన్నరోజున పాటలు పెట్టేది కాదు.

మాఘమాసంలో చెరువుగట్టు జాతరకి బయల్దేరారిద్దరూ. నార్కట్‌పల్లి దగ్గర గుట్టమీద రామలింగేశ్వరుడు. ఏడుంపావుకి హయత్‌నగర్ దాటారు. ఎదురుగా సూర్యుడు. ఆవిడ ఎడమచెయ్యి ఎత్తి నల్లటి పలకని ఒక్కసారి కిందికి లాగింది. చర్రుమని వెల్క్రో చప్పుడు. ముఖం మీద నీడ పడింది. ముందు ఓ ట్రాక్టరు మెల్లగా పోతోంది. ఆయన నోరు తెరిచి, మళ్లీ మూసుకున్నాడు. ఆవిడ ఇండికేటరు వేసి, అద్దంలో చూసుకుని, ట్రాక్టరుని దాటింది.

‘‘పాటలేమీ లేవా?’’ అన్నాడాయన.

ఆవిడ ఓసారి అతనివైపు చూసి, పాట పెట్టింది.

గొడుక్కి ఎనిమిది ఆకులు. రెండు వాడారు. మిగిలిన ఆరూ ఇప్పుడు బళ్లో ఉన్నాయి. కారు నడిపే టీచర్లు ఇంకో ముగ్గురున్నారు, ముగ్గురూ ఆడవాళ్లే. ‘‘మాకూ ఒకటి కుట్టివ్వండి మేడం’’ అన్నారు. ఆవిడ ఒప్పుకుంది గానీ, ఒక్కొక్కరినీ వాళ్ల సీట్లో కూర్చోబెట్టి, కంటి నుంచి టేపు పెట్టి, ముందు ఓ మనిషిని నిలబెట్టి చూశాకే గుడ్డ కత్తిరించింది. ఒకరికి ఆరు వచ్చింది, ఒకరికి ఏడు, ఒకరికి నాలుగున్నర.

పాలాయన రోజూ ఏడున్నరకి ఆ డివైడర్ సందు దగ్గర కనిపిస్తూనే ఉన్నాడు. అదే మోపెడ్, అవే క్యాన్లు. దూరం నుంచే కనిపిస్తున్నాడు, మంకీక్యాపుతో సహా. ఆవిడ వేగం తగ్గిస్తుంది. ఆయన ఎప్పట్లాగే ఎటూ చూడకుండా రోడ్డు దాటి వెళ్లిపోతాడు.